కారు చక్రాల అలైన్‌మెంట్ కొలతలు: చరిత్ర

కారు చక్రాలు ఏ కోణంలో నిలవాలో తయారీదారు నిర్ణయించి ఇచ్చే అంకెలే వీల్ అలైన్‌మెంట్ కొలతలు. ఎదురుగా చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలడం క్యాంబర్. పక్కనుంచి చూసినప్పుడు స్టీరింగ్ కీలు ముందుకో వెనక్కో వాలడం కాస్టర్. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు దగ్గరైతే టో-ఇన్, దూరమైతే టో-అవుట్.

ఈ కథ గుర్రపు బండ్లతో మొదలైంది. ఇరుసు మొత్తం కాకుండా ముందు చక్రాలు వేటికవే తిరిగే అమరికను మ్యూనిక్‌లో గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించాడు. 1818లో ఇంగ్లండులో దానికి పేటెంట్ తీసుకున్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరే నిలిచిపోయింది. మలుపులో లోపలి చక్రం ఎక్కువగా తిరగాలన్న లెక్క నేటి కొలతల పట్టికల్లోనూ ఉంది.

తొలినాటి కార్ల ముందు చక్రాలు పైభాగాన బయటికి వాలి ఉండేవి. టైరు నేలను తాకే చోటు స్టీరింగ్ కీలుకు దగ్గరపడి, పవర్ స్టీరింగ్ లేని ఆ రోజుల్లో బండి తిప్పడం తేలికయ్యేది. కానీ వాలిన చక్రం బయటికి దొర్లిపోవాలని చూస్తుంది. దాన్ని నిలవరించడానికి టో-ఇన్ ఇచ్చారు. ఒక అంకె తెచ్చిన చిక్కును మరో అంకెతో సరిచేయడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

1920లలో గాలి తక్కువగా నింపే బెలూన్ టైర్లు, ముందు చక్రాల బ్రేకులు వచ్చాక స్టీరింగ్ విపరీతంగా వణకడం మొదలైంది. రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కు వెళ్లిన మారిస్ ఓలీ ఈ సమస్యపై ఎంతో శ్రమించాడు. 1934 మోడళ్లలో ఆ సంస్థ ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ తెచ్చింది. ఇలాంటి సస్పెన్షన్‌లో చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు కోణాలూ మారుతుంటాయి. అందుకే బండి ఎంత ఎత్తులో నిలిచినప్పుడు కొలవాలన్నది చెప్పకుండా అంకె ఒక్కటే ఇస్తే దానికి అర్థం లేదు.

1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో పవర్ స్టీరింగ్ అమ్మకానికి వచ్చింది. దాంతో స్టీరింగ్ బరువెక్కుతుందన్న భయం లేకుండా, బండిని నేరుగా నిలిపే కాస్టర్‌ను పెంచే వీలు కలిగింది. ముందు చక్రాలే బండిని లాగే కార్లు ఈ కథను మరో మలుపు తిప్పాయి. లాగే బలం చక్రాలను లోపలికి తిప్పుతుంది కాబట్టి 1959 నాటి మినీకి అంగుళంలో పదహారో వంతు టో-అవుట్ ఇచ్చారు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే సస్పెన్షన్‌తో వచ్చిన ఎన్నో చిన్న కార్లలో క్యాంబర్, కాస్టర్ తయారీలోనే ఖాయమవుతాయి. మన రోడ్లపై తిరిగిన మారుతి 800 ఇందుకు ఉదాహరణ. మెకానిక్ చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే టై రాడ్ తిప్పి సరిచేయగలిగేది టో మాత్రమే.

పట్టికలో ప్రతి అంకెకూ కొంత హెచ్చుతగ్గు అనుమతిస్తారు. అయితే కుడి, ఎడమల తేడా అంతే ముఖ్యం. రెండు చక్రాలూ హద్దులోనే ఉన్నా, కాస్టర్ తక్కువున్న వైపుకు బండి లాగుతుంది. అలైన్‌మెంట్ యంత్రం తెరమీద, అంకె హద్దులో ఉందని చెప్పే పచ్చరంగు చూసి పని అయిందనుకోవడం చాలదు.

వెనక చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ వచ్చాక నాలుగు చక్రాలనూ కలిపి కొలవాల్సి వచ్చింది. 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో మొదలైన, బండి జారిపోకుండా చూసే ఈఎస్‌పీ వంటి వ్యవస్థలున్న చాలా కార్లలో, అలైన్‌మెంట్ ముగిశాక స్టీరింగ్ కోణాన్ని కొలిచే సెన్సార్‌ను కూడా సున్నాకు తేవాలి.