పొగమంచులో ఎగరనన్న పైలట్లు

ఉత్తరాలను అధికారికంగా విమానంలో పంపడం ప్రపంచంలో మొదటగా మన దేశంలోనే జరిగింది. 1911 ఫిబ్రవరి 18న ఒక ఫ్రెంచి పైలట్ అలహాబాదు నుంచి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలు తీసుకెళ్ళాడు. ఏడేళ్ళ తర్వాత అమెరికావాళ్ళు ఈ పనిని రోజూ, టైము ప్రకారం చేయాలని పూనుకున్నారు. అప్పుడే ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. వాతావరణం బాగాలేని రోజున విమానం ఎగరాలా వద్దా అన్నది ఎవరు చెప్పాలి? ఆఫీసులో కూర్చున్న అధికారా, విమానం నడిపే పైలటా?

1918 మే 15న వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల మధ్య విమాన తపాలా మొదలైంది. మొదట సైనిక పైలట్లు నడిపారు. ఆగస్టు నుంచి తపాలా శాఖే సొంత పైలట్లను పెట్టుకుంది. ఆ విమానాలకు పైకప్పు ఉండేది కాదు. రేడియో లేదు. మబ్బులో చిక్కుకుంటే విమానం సమంగా ఉందో, ఒక పక్కకు ఒరిగిందో చెప్పే నమ్మకమైన పరికరాలూ లేవు. కింద రైలు పట్టాలను, నదులను చూసుకుంటూ దారి పట్టుకోవాలి. పొగమంచు కమ్మితే ఆ దారి కూడా కనపడదు. ఎదురుగా గుట్ట ఉన్నా దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

ఈ శాఖను నడిపిన అధికారి పేరు ఆటో ప్రేగర్. ఆయన పూర్వం పత్రికలో పనిచేసిన మనిషి, పైలట్ కాదు. అలాగని ఆయన్ని ఉత్త కఠినాత్ముడు అనేయడం న్యాయం కాదు. విమాన తపాలా డబ్బు దండగ అనేవాళ్ళు అప్పట్లో చాలామంది ఉన్నారు. ఒక్క రోజు కూడా ఆగకుండా నడిపి చూపిస్తేనే ప్రభుత్వం డబ్బిస్తుంది. అందుకే వాన అయినా, మంచు అయినా బయలుదేరాల్సిందే అన్నాడు. అలా పైవాళ్ళ ఒత్తిడి ఆయన మీద, ఆయన ఒత్తిడి మేనేజర్ల మీద, మేనేజర్ల ఒత్తిడి పైలట్ల మీద పడింది. పైలట్‌కు మాత్రం దాన్ని ఇంకొకరి మీదికి నెట్టే వీలు లేదు.

1919 జులైలో న్యూయార్క్ దగ్గర బెల్మాంట్ పార్క్ మైదానంలో దట్టమైన పొగమంచు పట్టింది. లియాన్ స్మిత్ అనే పైలట్ ఎగరనన్నాడు. అతని బదులు హామిల్టన్ లీని వెళ్ళమన్నారు. అతనూ వెళ్ళనన్నాడు. ఇద్దరినీ ఉద్యోగంలోంచి తీసేశారు. దాంతో తోటి పైలట్లు సమ్మెకు దిగారు. పత్రికలు కూడా ఈ గొడవను రాశాయి. కాగితాల కోసం మనుషులు చావాలా అని జనం ఆలోచించడం మొదలుపెట్టారు.

కొద్ది రోజుల్లోనే రాజీ కుదిరింది. లీని తిరిగి పనిలోకి తీసుకున్నారు, పాపం స్మిత్‌ను తీసుకోలేదు. రాజీలో ఒక షరతు చాలా బాగుంది. వాతావరణం గురించి తేడా వస్తే మైదానం మేనేజరు తానే ముందు విమానం ఎక్కి పైకి వెళ్ళి చూడాలి. దిగితేనే గాని లోతు తెలియదని మన పెద్దలు అనేది ఇందుకే.

ఆ ఒక్క షరతుతో కష్టాలన్నీ తీరలేదు. తపాలా శాఖ సొంతంగా విమానాలు నడిపిన 1927 వరకు 30 మందికి పైగా పైలట్లు చనిపోయారు. మరి ఎగరనన్న లీ పిరికివాడా? అతను ఆ తర్వాత 30 ఏళ్ళు విమానాలు నడిపి, 1949లో రిటైరయ్యాడు. నూరేళ్ళు దాటి బతికాడు. వద్దనాల్సిన రోజున వద్దన్నాడు కాబట్టే అంత కాలం పనిచేయగలిగాడని నాకనిపిస్తుంది.

ఇప్పుడు రాడార్లు, మంచి పరికరాలు వచ్చాయి. కానీ ఒత్తిడి పోలేదు. 2020 ఆగస్టు 7న దుబాయి నుంచి వచ్చిన విమానం కోజికోడ్‌లో జోరువానలో రన్‌వే దాటి లోయలో పడింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. పైలట్ నియమాలు పాటించకపోవడమే ముఖ్య కారణమని విచారణ నివేదిక చెప్పింది. అయితే ఇంకో మాట కూడా రాసింది. మర్నాడు ఉదయం అదే ఊరి నుంచి ఆయన ఇంకో విమానం నడపాలి. అక్కడ తగినంత మంది కెప్టెన్లు లేరు. ఎలాగైనా అక్కడే దిగాలన్న ఆలోచనకు అదీ ఒక కారణం కావచ్చట. అంటే ఆ రోజు ఎవరూ గట్టిగా అరిచి ఆజ్ఞ ఇవ్వకపోయినా, డ్యూటీ చార్టే ఒత్తిడి పెట్టిందన్నమాట.

ఇది పైలట్ల కథే కాదు. తెల్లారేలోగా లోడు చేర్చమంటే నిద్ర ఆపుకుని లారీ నడిపేవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళను తొందరపెట్టేది యజమానులు మాత్రమేనా? వానలో బస్సు ఆగితే, మంచు వల్ల విమానం లేటయితే డ్రైవర్ మీద, సిబ్బంది మీద కేకలు వేసే మనం కూడా ప్రేగర్ పనే చేస్తున్నాం. ఈసారి అలా ఆలస్యమైతే, ఎవరో ఒకరు ధైర్యం చేసి వద్దన్నారని అనుకుని కాసేపు ఓపిక పడదాం.