పందుల తొట్టి నుంచి ద్రాక్షతోటకు

పది లీటర్ల పాలు విరగ్గొట్టి చీజ్ చేస్తే చేతికొచ్చేది సుమారు కిలో. మిగతాదంతా విరుగుడు నీళ్లే. రైబోఫ్లేవిన్ వల్ల వాటికి లేత ఆకుపచ్చ ఛాయ.

1851లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్‌లో జెస్సీ విలియమ్స్ చీజ్ ఫ్యాక్టరీ పెట్టాడు. అలాంటివి పెరిగేకొద్దీ ఈ నీళ్లను ఏం చేయాలన్నది పెద్ద తలనొప్పి అయింది. కొంత పందుల తొట్లలోకి పోయేది. ఇటలీలోని పార్మాలో హ్యామ్ కోసం పెంచే పందులకు నేటికీ పోస్తారు. వాగుల్లో కలిపితేనే ముప్పు: అందులో 5 శాతం దాకా ఉండే లాక్టోజ్‌ను తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి, చేపలు ఊపిరాడక చస్తాయి. పొలానికి పారిస్తే అదే నీరు పొటాషియం, భాస్వరం ఇస్తుంది. అయితే అతిగా పోస్తే నేల చౌడుబారుతుంది.

1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ నీళ్లు కలిపిన పాలు జుకినీ ఆకులపై చల్లితే బూడిద తెగులు తగ్గుతుందని ప్రకటించారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పీటర్ క్రిస్ప్ బృందం ద్రాక్షతోటల్లో విరుగుడు నీళ్లనూ పరీక్షించింది.

కరివేపాకు మొక్కకు పుల్లమజ్జిగ పోసే మన ఇల్లాళ్లకు ఇదేమంత వింత! ఉప్పు కలిసిన విరుగుడు నీళ్లు మాత్రం కుండీల్లో పోయకూడదు.