కోచింగ్ సెంటర్లలో స్వయంచాలక ఫీజు వసూలు వ్యవస్థ

కోచింగ్ సెంటర్‌లో చేరిన ఒక్కో విద్యార్థి ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి, ఇంతవరకు ఎంత కట్టాడు అన్న లెక్కను తనంతట తానే చూసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. గడువు దగ్గర పడితే గుర్తు చేస్తుంది, డబ్బు అందగానే రసీదు పంపుతుంది, ఆ మేరకు బకాయి తగ్గిస్తుంది. దీనికి బ్యాంకు ఖాతా, పేమెంట్ గేట్‌వే, సందేశాల సేవ, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ తోడవుతాయి. కొనేవారు ఎక్కువగా అడిగేది గుర్తుచేసే సందేశాల గురించి. అసలు బరువు మాత్రం వచ్చిన ప్రతి రూపాయినీ సరైన విద్యార్థి పేరున జమ కట్టడంలోనే ఉంది.

నేపథ్యం

తెలుగునాట సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట, గ్రూప్స్‌కు అశోక్‌నగర్, చిక్కడపల్లి, బ్యాంకు ఉద్యోగాలకు నంద్యాల, డీఎస్సీకి అవనిగడ్డ పేరుపడ్డాయి. ఇలాంటి సెంటర్లలో చాలావాటికి ఏళ్లతరబడి కార్బన్ పేపర్ పెట్టిన రసీదు పుస్తకం, ఒక ఎక్సెల్ షీటు సరిపోయాయి. జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ 2016లో యూపీఐని తెచ్చింది. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు 14 నుంచి ఆర్టీజీఎస్ రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయి. ఊళ్లో ఉన్న తండ్రి ఏ అర్ధరాత్రయినా ఫీజు పంపగలిగే రోజులు వచ్చాయి. పంపడం ఇంత సులువయ్యాక, వచ్చింది ఎవరి డబ్బో తేల్చే పని అకౌంటెంట్ నెత్తిన పడింది.

ముందు నియమాలు, తర్వాత సాఫ్ట్‌వేర్

ఏర్పాటులో మొదటి పని కంప్యూటర్ దగ్గర జరగదు. యజమాని, అడ్మిషన్ కౌన్సెలర్, అకౌంటెంట్ ముగ్గురూ కూర్చుని ఫీజు నియమాలను కాగితం మీద రాసుకోవాలి. ఏ కోర్సుకు ఎంత, ఎన్ని వాయిదాలు, మెటీరియల్ ఖర్చు అందులోనే ఉందా, అన్నదమ్ములిద్దరూ చేరితే ఎంత తగ్గిస్తారు, మధ్యలో బ్యాచ్ మారితే కట్టింది ఎలా బదిలీ అవుతుంది, సగం డబ్బే పంపితే ముందు ఏ బాకీకి జమ కట్టాలి? వీటికి ఒక్కటే జవాబు ఉండాలి. కౌన్సెలర్ నోటిమాటగా ఇచ్చిన కన్సెషన్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అది పూర్తి ఫీజే అడుగుతుంది, మర్నాడు తండ్రి కౌంటర్ దగ్గర నిలబడతాడు.

పన్ను దగ్గర, నోటిమాటకూ సాఫ్ట్‌వేర్ లెక్కకూ ఉన్న తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గుర్తింపు ఉన్న పాఠశాల, కళాశాల చదువుకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ప్రైవేటు కోచింగ్‌కు లేదు, 18 శాతం పడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవలందించే సంస్థ ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇప్పుడు కౌన్సెలర్ ‘అన్నీ కలిపి 36 వేలండీ’ అన్నారనుకుందాం. ఆ మాట ప్రకారం అసలు ఫీజు రూ.30,508.47, పన్ను రూ.5,491.53. అదే సాఫ్ట్‌వేర్‌లో 36,000ను అసలు ఫీజుగా ఎక్కించి పన్ను విడిగా వేయమని పెడితే రూ.42,480కి డిమాండు తయారవుతుంది. మధ్యనున్న రూ.6,480 సాఫ్ట్‌వేర్ చేసిన తప్పు కాదు. సెటప్ రోజున ‘పన్ను కలిపి’, ‘పన్ను కాకుండా’ అన్న రెండింటిలో ఏది ఎంచుకున్నారన్న దాని ఫలితం.

డబ్బు వచ్చే దారులు

పేమెంట్ గేట్‌వేలకు రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో నిబంధనలు పెట్టింది. రేజర్‌పే, పేయూ, క్యాష్‌ఫ్రీ, సీసీ అవెన్యూ వంటివి ఈ సేవ ఇస్తాయి. కేవైసీకి సంస్థ పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు, యజమాని వివరాలు కావాలి. కొత్తగా పెట్టిన సెంటర్లు ఇక్కడే కొన్నాళ్లు ఆగిపోతుంటాయి కాబట్టి అడ్మిషన్లు మొదలవడానికి ముందే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో చెల్లిస్తే 2020 జనవరి నుంచి ఎండీఆర్ (వ్యాపారి మీద పడే లావాదేవీ రుసుము) లేదు. క్రెడిట్ కార్డుకు ఉంటుంది. గేట్‌వే తన రుసుము, దానిపై జీఎస్టీ మినహాయించుకుని మిగతాది సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో బ్యాంకులో వేస్తుంది. బ్యాంకులో పడిన తక్కువ మొత్తాన్నే విద్యార్థి ఖాతాలో జమ రాయడం తరచూ కనిపించే పొరపాటు. అలా చేస్తే ఆ కొద్దిపాటి రూపాయలు అతని పేరున బకాయిగా మిగిలిపోతాయి. రసీదు అతను కట్టిన పూర్తి మొత్తానికి ఇవ్వాలి, గేట్‌వే రుసుమును సంస్థ ఖర్చుగా రాసుకోవాలి.

యూపీఐలో మామూలు పరిమితి లక్ష రూపాయలు. విద్యాసంస్థలు, ఆసుపత్రుల చెల్లింపులకు దాన్ని 5 లక్షలకు పెంచుతున్నట్లు రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబరులో ప్రకటించింది. సెంటర్ ఏ వ్యాపార కేటగిరీ కింద నమోదైందన్న దాన్ని బట్టే ఈ వెసులుబాటు దక్కుతుంది. నగదు తీసుకునే చోట ఇంకో కాపలా కావాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకే వ్యవహారానికి సంబంధించి ఒకే వ్యక్తి నుంచి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. పెద్ద ఫీజును విడతలుగా నగదులో కట్టించుకునే సెంటర్లు విద్యార్థివారీగా మొత్తం నగదు ఎంతైందో సాఫ్ట్‌వేర్ చేత లెక్క పెట్టించాలి.

వాయిదాలకు 2020 జులైలో వచ్చిన యూపీఐ ఆటోపే, లేదా నాచ్ మ్యాండేట్ (ఖాతా నుంచి వాయిదాను బ్యాంకు ద్వారా తీసుకునే ముందస్తు అనుమతి) వాడతారు. ఆటోపేలో డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. పిన్ అడగకుండా కోత వేసే పరిమితిని 2022 జూన్‌లో 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. పైన చెప్పిన రూ.42,480ని మూడు వాయిదాలు చేస్తే ఒక్కోటి రూ.14,160, అంటే ఈ పరిమితి లోపలే. రెండు వాయిదాలైతే ప్రతిసారీ పిన్ కావాలి. ఖాతాలో డబ్బు లేక నాచ్ కోత తిరిగొస్తే బ్యాంకు ఖాతాదారైన తండ్రి నుంచే రుసుము పట్టుకుంటుంది. అందుకే అందరికీ ఒకటో తేదీ పెట్టడం న్యాయం కాదు. నెలజీతం వచ్చేవారికి నెల మొదటి వారం సరే, పత్తి, మిర్చి అమ్మాక డబ్బు చూసే రైతు ఇంటికి వాయిదా తేదీని వేరుగా పెట్టే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

జమను పేరుతో కలపడం

గోడకు అంటించిన ఒకే క్యూఆర్ కోడ్‌తో నడిచే సెంటర్‌లో జరిగేది ఇది. పిల్లవాడి మేనమామ తన ఫోన్ నుంచి 14,160 పంపుతాడు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మేనమామ పేరు, 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటాయి, విద్యార్థి పేరు ఉండదు. స్క్రీన్‌షాట్‌ను తల్లి ఒకసారి, పిల్లవాడు ఒకసారి కౌన్సెలర్‌కు వాట్సాప్ చేస్తారు. రెండు రసీదులు పుడతాయి. లేదా ఎవరూ పంపరు, ఒక్క రసీదూ పుట్టదు.

దీనికి మందు ఒక్కో డిమాండుకూ విడి గుర్తింపు ఇవ్వడం. విద్యార్థి నంబరు, మొత్తం ముందే పొదిగిన డైనమిక్ క్యూఆర్ లేదా పేమెంట్ లింకు పంపితే ఎవరి ఫోన్ నుంచి కట్టినా డబ్బు ఆ పిల్లవాడి పేరునే చేరుతుంది. నెఫ్ట్‌లో పంపేవారికి బ్యాంకులు వర్చువల్ ఖాతా నంబర్లు ఇస్తాయి. విద్యార్థికొక నంబరు ఉన్నా డబ్బంతా సంస్థ అసలు ఖాతాలోకే వెళ్తుంది.

చెల్లింపు పూర్తయిందన్న కబురును గేట్‌వే సర్వర్ నేరుగా సాఫ్ట్‌వేర్‌కు పంపే పద్ధతిని వెబ్‌హుక్ అంటారు. కట్టినవారి ఫోన్‌లో కనిపించే ‘సక్సెస్’ తెరను నమ్మి రసీదు ఇవ్వకూడదు, ఈ కబురు వచ్చాకే ఇవ్వాలి. అది నిజంగా గేట్‌వే పంపిందేనని డిజిటల్ సంతకంతో సరిచూడాలి. ఒకే కబురు రెండుసార్లు రావడం మామూలే కనుక, ఒక రిఫరెన్స్ నంబరుకు ఒక్క రసీదే పుట్టేలా కట్టడి పెట్టాలి. ఇంత చేసినా రోజూ సాయంత్రం గేట్‌వే సెటిల్‌మెంట్ రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్, రసీదుల జాబితా మూడింటినీ సరిపోల్చాల్సిందే. పేరు తేలని జమలను ‘సస్పెన్స్’ ఖాతాలో ఉంచి మర్నాడే తేల్చాలి. నెలాఖరుకు వదిలేస్తే, కట్టేసిన ఇంటికి మళ్లీ బకాయి సందేశం వెళ్తుంది. ఫీజు కట్టడానికి ఎవరి దగ్గరో చేబదులు తెచ్చుకున్న కుటుంబానికి ఆ సందేశం ఎంత గుచ్చుకుంటుందో సెంటర్ వాళ్లు ఆలోచించాలి.

కౌంటర్‌లో కోసిన రసీదును చెరిపేసే అధికారం ఎవరికీ ఇవ్వకూడదు. కారణం రాసి రద్దు చేయడమే దారి, రద్దయిన నంబరు వరుసలో కనిపించాలి. కన్సెషన్‌ను ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించాలి.

గుర్తుచేసే సందేశాలు

ఎస్ఎంఎస్‌లు పంపడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థ పేరు, హెడర్, సందేశం నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి. ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాల చోటుంటే తెలుగుకు 70 మాత్రమే, అందులో గుణింతాలు, ఒత్తులు కూడా లెక్కకొస్తాయి. తెలుగు సందేశం రెండు మూడు ముక్కలై ఖర్చు పెరుగుతుంది. అయినా చదివేది తల్లిదండ్రులు కనుక తెలుగులో పంపడమే సబబు. పేరు, వాయిదా మొత్తం, తేదీ, లింకు చాలు. బకాయిదారుల జాబితాను క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఫీజు రాలేదని హాజరు యంత్రం దగ్గర పిల్లవాణ్ని ఆపేలా సాఫ్ట్‌వేర్‌ను బిగించడం అమానుషం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. అడ్మిషన్ ఫారంలోనే ఆ సంతకం తీసుకోవాలి.

వాపసు

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు పంపిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల ప్రకారం, ఫీజంతా కట్టి మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి సరిపడా డబ్బును 10 రోజుల్లో తిరిగివ్వాలి. హాస్టల్, మెస్ ఫీజులకూ ఇదే వర్తిస్తుంది. కోర్సు నడుస్తుండగా ఫీజు పెంచకూడదు. ఆరు నెలల కోర్సుకు రూ.42,480 కట్టి రెండు నెలలకే మానేస్తే తిరిగి రావలసింది రూ.28,320. చాలా ప్యాకేజీల్లో వసూలు మీటలు బోలెడు కనిపిస్తాయి కానీ ఈ లెక్క కట్టే మీట ఉండదు. కొనేముందు డెమోలో దీన్నే చేసి చూపమనాలి. మానేసిన రోజున ఆటోపే మ్యాండేటు రద్దవుతుందా, వాపసుకు క్రెడిట్ నోట్ పడుతుందా, డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి వెళ్తుందా అన్నవీ అప్పుడే తేల్చుకోవాలి.

పాత లెక్కల మార్పిడి

బ్యాచ్ మధ్యలో కాకుండా కొత్త బ్యాచ్‌తో మొదలుపెట్టడం క్షేమం. పాత విద్యార్థుల బకాయిలను ప్రారంభ నిల్వగా ఎక్కించే ముందు ఒక్కొక్కరికీ లెక్క పంపి ‘సరే’ అనిపించుకోవాలి. రసీదు పుస్తకానికీ ఎక్సెల్‌కూ ఉన్న తేడాలు ఇక్కడే బయటపడతాయి. ఫ్రాపే సంస్థ వారి ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చు, కానీ చూసుకునే మనిషి కావాలి. నెలవారీ చందాతో దొరికే వాటికి ఆ బెడద లేదు. వాటితో ఒప్పందం చేసుకునేటప్పుడు మాత్రం విద్యార్థుల ఖాతాలు, రసీదులు, కన్సెషన్ల చరిత్ర అంతా ఎప్పుడంటే అప్పుడు ఎక్సెల్‌లో దించుకునే హక్కును రాతపూర్వకంగా తీసుకోవాలి.