కార్పల్ టన్నెల్ సిండ్రోమ్

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనగా మణికట్టు వద్ద మీడియన్ నాడి నొక్కుకుపోవడం వలన చేతికి తిమ్మిరి, నొప్పి కలిగించే వ్యాధి. మణికట్టు ఎముకలకు, వాటిపై అడ్డంగా ఉండే గట్టి బంధనానికి మధ్య ఒక ఇరుకైన మార్గమున్నది. దాని గుండా ఈ నాడితో పాటు వేళ్ళను ముడిచే 9 స్నాయువులు వెళ్తాయి. అక్కడ వాపు వచ్చినపుడు నాడిపై ఒత్తిడి పెరుగుతుంది.

కారణాలు

బలంగా పట్టి ఒకే పనిని పదే పదే చేయడం, మణికట్టును వంచి ఉంచడం, అదిరే యంత్రాలను వాడడం దీనికి దోహదం చేస్తాయి. బీడీలు చుట్టడం, మగ్గం నేయడం, బట్టలు కుట్టడం వంటి వృత్తులలో చేతికి ఇటువంటి శ్రమ ఉంటుంది. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ కూడా కారణం కావచ్చును.

లక్షణాలు

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగభాగం మొద్దుబారుతాయి. చిటికెన వేలికి స్పర్శనిచ్చేది వేరొక నాడి. బాధ రాత్రివేళ ఎక్కువగా ఉండి, చేతిని విదిలిస్తే కొంత తగ్గుతుంది.

ఉపశమనం, చికిత్స

రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకోవాలి. పని మధ్యలో చేతికి విశ్రాంతినివ్వాలి. తగ్గనిచో వైద్యులు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, లేదా శస్త్రచికిత్సతో బంధనాన్ని కోసి ఒత్తిడి తొలగిస్తారు. కూలి పోతుందని తిమ్మిరిని ఏళ్ళ తరబడి ఓర్చుకుంటే బొటనవేలి మొదట్లోని కండ క్షీణించి పట్టు సడలవచ్చును. ఆ దశలో శస్త్రచికిత్స చేసినా పూర్తి బలం తిరిగి రాకపోవచ్చును.