పనిగంటలు – నిద్ర : జపాను చరిత్ర నేర్పిన పాఠము

సత్యవేడు సమీపముననున్న శ్రీసిటీలో 2016 లో ఇసుజు అను జపాను సంస్థ వాహనముల తయారీ ప్రారంభించెను. అప్పుడది చిత్తూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. జపాను యంత్రములను ఎరిగిన మనము ఆ దేశపు శ్రామికుల చరిత్రను కూడ ఎరుగుట అవసరము.

జపానులో 1947 నాటి చట్టము దినమునకు 8 గంటల పనినే విధించెను. కాని యజమానులు, కార్మిక ప్రతినిధులు ఒడంబడిక చేసికొన్నచో అదనపు పని చేయింపవచ్చునని 36వ నిబంధనలో వెసులుబాటు కలదు. ఆ అదనమునకు దాటరాని హద్దును చట్టము ఏర్పరుపలేదు. 1969 లో ఒక వార్తాపత్రిక రవాణా విభాగమున 29 ఏండ్ల ఉద్యోగి పక్షవాతముతో మరణించెను. ఇట్టి మరణములకు క్రమముగా ‘కరోషి’ యను పేరు వచ్చినది. పని మితిమీరుటవలన కలుగు మరణమని దాని అర్థము. 1982 లో ముగ్గురు వైద్యులు ఈ పేరుతోనే ఒక గ్రంథము ప్రకటించిరి.

పని మనిషి నెట్లు చంపును? గాఢనిద్రలో రక్తపుపోటు తగ్గి, గుండెకును రక్తనాళములకును విశ్రాంతి లభించును. పెద్దలకు కనీసము 7 గంటల నిద్ర కావలెను. పని పెరిగినపుడు ప్రయాణము తగ్గదు, భోజనము మానరాదు, తరుగునది నిద్రయే. వారమునకు 35–40 గంటలు పనిచేయువారికంటె 55 గంటలు, అంతకుమించి పనిచేయువారికి పక్షవాతపు ప్రమాదము 35 శాతము అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 లో ప్రకటించినవి.

తుదకు 2018 లో జపాను చట్టమును సవరించి, అదనపు పనిని నెలకు 45, ఏడాదికి 360 గంటలకు పరిమితము చేసెను. విశేష పరిస్థితులలో ఏడాదికి 720 గంటలవరకు అనుమతి కలదు.

మన దేశమున దినపు పని పరిమితి 1911 లో నూలు మిల్లుల పురుషులకు 12 గంటలు; కర్మాగారములకు 1922 లో 11, 1934 లో 10, 1948 లో 9 గంటలుగా తగ్గుచు వచ్చెను. 2025 జూన్ లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము దానిని మరల 10 గంటలు చేయ నిర్ణయించెను. వారపు పరిమితి 48 గంటలు మారలేదు. కాని మూడు నెలలకు 75 గంటలుగా ఉన్న అదనపు పనిని 144 గంటలకు పెంచ నిశ్చయించిరి.

విద్యార్థులు ఈ లెక్క వేయవచ్చును. మూడు నెలలనగా 13 వారములు. 144 ను 13 చే భాగించిన సుమారు 11. దానిని 48 కి కలిపిన 59 గంటలు. ఆ అదనపు పనిని పూర్తిగా చేయు కార్మికుడు పైన చెప్పిన 55 గంటలను దాటును. ఏడాదికి లెక్కించిన అదనపు పని 576 గంటలు. జపాను సాధారణ పరిమితి 360. దినపు పనికి హద్దు పెట్టి, అదనపు పనికి పెట్టకపోవుటచే జపాను ఏమి పోగొట్టుకొన్నదో పై చరిత్ర తెలుపుచున్నది.