రేవు దాటిన ఖర్చు ఎవరి పద్దు?

ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ సెక్షన్ గుమాస్తాగా నా ఉద్యోగమంతా ఎస్ఆర్‌లతోనే గడిచింది. కండక్టరు డ్యూటీ దిగి, క్యాష్‌తో పాటు అప్పగించే కాగితం అది. ఏ స్టేజీలో టిక్కెట్ల నంబరు ఎక్కడిదాకా నడిచింది, వసూలు ఎంత, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అన్నీ అందులో ఉంటాయి. వసూలును కిలోమీటర్లతో భాగిస్తే వచ్చేది ఈపీకే, అంటే కిలోమీటరుకు బండి సంపాదన. ఒక రూటు ఉండాలా, ఒక ట్రిప్పు తగ్గాలా అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఆ అంకె దగ్గరికే వస్తుంది. ఆ లెక్క తప్పని నేననను. డీజిల్‌కూ జీతాలకూ డబ్బు దాన్నుంచే రావాలి. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దారుల చరిత్ర తెలుసుకుంటూ పోయేకొద్దీ నాకు ఒకటి గట్టిగా అర్థమైంది. ఈ నేల మీద ప్రయాణానికి అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్లు ఏ పద్దులోనూ కనిపించరు.

ముందు నీళ్ల సంగతి చెప్పాలి. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఈ రెండిటి మధ్యనున్న గద్వాల, అలంపురం సీమను మేం నడిగడ్డ అంటాం. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో సోమనాద్రి గద్వాల కోట కట్టినప్పుడు ఆ నదులే సంస్థానానికి కాపలా. ఆ నదులే జనానికి అడ్డం. సంతకు పోవాలన్నా, పిల్లనివ్వాలన్నా, పుష్కరాలకు పోవాలన్నా రేవు దాటాలి. దాటించేది పుట్టి.

వెదురు దబ్బలు గుండ్రంగా అల్లి, పూర్వం అడుగున తోలు కట్టేవారు. తర్వాత తారు పూసిన పట్టాలు వచ్చాయి. పుట్టికి ముందూ వెనకా ఉండవు. తెడ్డువేసేవాడు అంచున మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు తనవైపు లాక్కుంటాడు, లేకపోతే అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. వరద ఉన్న రోజు నదికి అడ్డంగా నేరుగా పోవడం కుదరదు. ఎగువన ఎక్కితే దిగువన ఎక్కడో తేలుతారు. జనం దిగిపోయాక అతను పుట్టిని తల మీద బోర్లించుకుని, మళ్లీ ఎగువకు గట్టెంట నడిచిపోవాలి. మా అవ్వ పుట్టింటివాళ్లు కృష్ణ అవతలివాళ్లు. పుట్టి నడిపేవాళ్లకు ఏటా కల్లంలోనే ఇంత జొన్న కొలిచి పోసేవారని చెప్పేది. ఆ జొన్నలు రేవు కూలి. గట్టు మీద ఎదురుచూసిన పూటకు, వరదలో ఆగిపోయిన పెళ్లికి, మంత్రసాని అందక పోయిన ప్రాణానికి కొలత పాత్ర లేదు.

సరుకు నడిచింది లంబాడీల పెరికె ఎడ్ల మీద. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కను అంతా తిరిగినవాళ్లు వాళ్లు. బండి బాట లేని చోటికి కూడా ఎద్దు పోతుంది కాబట్టి అడవి దారులన్నీ వాళ్లకే తెలుసు. రైలు వచ్చాక ఆ వృత్తి కూలిపోయింది. పైగా బ్రిటిష్ ప్రాంతాల్లో 1871 నాటి నేరస్థ తెగల చట్టం తిరిగే కులాలను ఎన్నింటినో అనుమానితుల్ని చేసింది. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వైపు గుట్టల పక్కన, వానాధారపు చెలకల్లో తండాలు కనిపిస్తాయి. ఆ జనం పూర్వులు ఒకప్పుడు ఈ సీమకు సరుకుల రైలు. రైలు వల్ల ఆదా అయిన రవాణా ఖర్చును అందరూ లెక్కగట్టారు. పోయిన బతుకుదెరువును ఎవరూ కట్టలేదు.

నిజాం రాజ్యంలో రైలు పుట్టుకలోనే లెక్కల తగాదా ఉంది. కంపెనీ రైలు వేస్తుంది, లాభం వచ్చినా రాకపోయినా పెట్టుబడి మీద 5 శాతం రాబడికి రాజ్యం హామీ. అందుకే దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ షరతులు బయటపెట్టి చర్చించాలని 1883లో హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు అడిగారు. చాందా రైల్వే ఆందోళన అంటే అదే. అందులో ముందు నిలిచిన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం బయటికి పంపేశారు. ప్రజాధనంతో దారి వేసేటప్పుడు నష్టం ఎవరు మోస్తారని మన దగ్గర బహిరంగంగా అడిగిన తొలి సందర్భాల్లో అదొకటి. రోడ్లను ప్రైవేటు కంపెనీలతో వేయిస్తున్న ఈ రోజుల్లోనూ అడగాల్సిన ప్రశ్న అదే. చివరికి 1930 ఏప్రిల్‌లో ఆ రైల్వేను రాజ్యమే కొనేసింది.

మీటర్ గేజి పట్టా మొదటి ప్రపంచయుద్ధం నాటికి సికింద్రాబాద్ నుంచి గద్వాల వైపు వచ్చింది. తర్వాత కర్నూలు మీదుగా ద్రోణాచలం చేరింది. వనపర్తి రోడ్డు స్టేషను మదనాపురం దగ్గర ఉంది. వనపర్తి పట్టణం అక్కడికి 15 కిలోమీటర్లకు పైనే. నాగర్‌కర్నూల్‌కు అసలు రైలే లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా మాచర్లకు లైను వేయాలన్న కోరిక తరాలుగా ఉంది, సర్వేలూ జరిగాయి. 1990లలో పాత లైను బ్రాడ్ గేజి అయింది. 2013 అక్టోబరులో గద్వాల నుంచి రాయచూరుకు బండి కదిలింది. తూర్పువైపు మాత్రం పట్టా పడలేదు. అందువల్ల వేరుశనగ మూట ఇంటి నుంచి స్టేషను దాకా మోసే ఖర్చు ఎప్పుడూ రైతుదే.

ఆ మధ్య దూరాన్ని పూరించడానికే బస్సు పుట్టింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. మా సంస్థకు మూలం అదే. ఆ రోజుల్లో బ్రిటిష్ ఇండియాలో ప్రైవేటు మోటార్లు రైలు పక్కనే పరుగెత్తి, లాభమున్న ప్రయాణికుల్ని ఎత్తుకుపోతున్నాయని గగ్గోలు. దాని మీద మిచెల్, కిర్క్‌నెస్ అనే అధికారులు విచారణ జరిపి 1933లో నివేదిక ఇచ్చారు. నిజాం రాజ్యం ఎంచుకున్న దారి వేరు. రైలునూ బస్సునూ ఒకే యాజమాన్యం కింద పెట్టింది. రైలు చేరని ఊరికి బస్సు, బస్సు దింపిన చోట రైలు. ఒకచోట మిగిలింది ఇంకోచోటి నష్టానికి సర్దుకోవడం అందులోనే ఉంది. 1951 నవంబరులో ఆ శాఖ రైల్వే నుంచి విడిపోయింది, 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. సంస్థలు విడిపోయాక పద్దులూ విడిపోయాయి. పల్లె బస్సు నష్టం పల్లె బస్సు నెత్తినే పడింది.

నైటవుట్ బండి ఎస్ఆర్ ఎలా ఉంటుందో చెబుతాను. రాత్రి చివరి ఊళ్లో ఆగి, తెల్లవారుజామున కదిలే పల్లెవెలుగు. మొదటి నాలుగు స్టేజీల్లో టిక్కెట్లు పదిహేను దాటవు. ఈపీకే చూస్తే ఎర్రగీత పడాల్సిందే. ఆ పదిహేనుమందిలో డయాలసిస్‌కు పోయేవారు ఒకరు, కాలేజీ పిల్లలు నలుగురైదుగురు, పాలక్యాన్లవాళ్లు, అడ్డా మీదికి పోయే కూలీలు. ఆ బస్సు తప్పితే కూలీకి ఆ రోజు కూలి తప్పుతుంది. పోయిన ఆ కూలి డబ్బు ఎస్ఆర్‌లో ఏ గడిలోనూ రాయడానికి లేదు. దసరా దాటాక గుంపు మేస్త్రీల వెంట బొంబాయి బస్సెక్కే పాలమూరు లేబర్, పీర్ల పండగకు తిరిగొచ్చే ఆ జనం కూడా అంతే. దేశమంతా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు తవ్విన చేతులవి. వాళ్ల సొంత ఊరి రోడ్డు మాత్రం ఎప్పుడూ చివరన ఉండేది.

ఫ్రాన్సులో జూల్ డుప్యుయి అని ఒక ఇంజినీరు ఉండేవాడు. ప్రజల కోసం కట్టే పనుల విలువను ఎలా కొలవాలని 1844లోనే రాశాడు. వంతెన మీద వసూలైన సుంకం ఆ వంతెన విలువ కాదన్నాడు. దాటినవాడు ఇచ్చిన దానికంటే అతనికి కలిగిన మేలు ఎక్కువ ఉండొచ్చు. సుంకం భరించలేక దాటడం మానేసినవాడి నష్టం పద్దులో అసలు కనిపించదు. కృష్ణ గట్టున పుట్టినవాడికి ఈ మాట పుస్తకం చదవకుండానే తెలుసు.

దానికి రుజువు కొల్లాపురం రేవులు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లకోసం 1981లో రెండు గట్లనూ కలిపి వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. ఎండాకాలం సన్నబడే నది కాస్తా ఏడాదిలో ఎక్కువ నెలలు సరస్సయింది. కరెంటు దూరాలకు పోయింది. దాటాల్సిన నీటి వెడల్పు మాత్రం ఇక్కడే పెరిగింది. అటు కర్నూలు వైపు, ఇటు కొల్లాపురం వైపు చుట్టరికాలూ పొలాలూ అట్లాగే ఉన్నాయి. రోడ్డెంట పోవాలంటే వంద కిలోమీటర్లకు పైగా చుట్టు. అందుకని నాటుపడవే దిక్కు. 2007 జనవరి 18న, సింగోటం జాతర రోజుల్లో, మంచాలకట్ట, నెహ్రూనగర్ మధ్య పడవ మునిగింది. 60 మందికి పైగా చనిపోయారు. శ్రీశైలం కరెంటు యూనిట్ ధర కట్టినప్పుడు ఆ ప్రాణాలు ఏ గడిలో ఉన్నాయి?

ఆ తర్వాత వంతెన కోసం ఏళ్ల తరబడి అడిగారు. 2022 అక్టోబరులో కేంద్రం సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు 1,082.56 కోట్లు మంజూరు చేసింది. కల్వకుర్తి నుంచి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారి మీద వస్తుందది. హైదరాబాద్ నుంచి తిరుపతికి 80 కిలోమీటర్ల దాకా తగ్గుతుందని, గాజు నడకదారి ఉంటుందని ప్రకటనలో చెప్పారు. మంచిదే, సంతోషమే. కానీ ఆ వంతెన అవసరాన్ని ప్రాణాలతో రుజువు చేసింది మంచాలకట్ట, నెహ్రూనగర్ జనం. దాని మేలు లెక్కగట్టేటప్పుడు మొదటి వరస వాళ్లది కావాలి.

జూరాల వేరే పాఠం నేర్పింది. నీళ్ల కోసం కట్టిన ఆనకట్ట మీద రోడ్డు వేశారు. గద్వాల, ఆత్మకూరు దగ్గరయ్యాయి. ఆ ఆనకట్టకు దిగువన కృష్ణ మధ్యలో ద్వీపంగా ఉన్న గుర్రంగడ్డకు మాత్రం గేట్లు ఎత్తిన రోజు దారి మూసుకుపోతుంది. ఒకే కట్టడం ఒకరికి దారి అయింది, ఒకరికి అడ్డమైంది. రెండూ ఒకే పద్దులో రాసుకోవాలి కదా.

పెద్ద రోడ్డు సంగతీ అంతే. పాత ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి మీదుగా హైదరాబాద్‌ను బెంగళూరుతో కలుపుతుంది. శాఖాపూర్‌లో, పుల్లూరులో టోల్ కడతారు. ఆ రుసుము తారుకూ సిమెంటుకూ సరిపోతుందేమో. లారీల పొగ పీల్చే దాబా పిల్లవాడి ఊపిరి, రోడ్డుకు అటువైపున్న చేనికి పోతూ బండి కిందపడ్డ మనిషి అందులో లేరు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గరి పాలెంలో బెంగళూరు నుంచి వస్తున్న బస్సు కల్వర్టు గోడకు తగిలి కాలిపోయి 45 మంది చనిపోయారు. వేగానికి ధర ఉందని ఈ రోడ్డు అంతకంటే క్రూరంగా చెప్పలేదు. ఒకరి రాకపోకల వల్ల మూడోమనిషి మోసే నష్టాన్ని ఆ రాకపోకలు చేసినవాడి దగ్గరే వసూలు చేయాలని ఇంగ్లండు అర్థశాస్త్రవేత్త పిగూ 1920లో వాదించాడు. నూరేళ్లు దాటినా మన టోల్ రసీదు మీద పొగకు ఒక్క పైసా పద్దు లేదు.

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒకచోట మాత్రం ఆ ఆలోచన ఆచరణలో కనిపిస్తుంది. శ్రీశైలం రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపేస్తారు. ఆ తొమ్మిది గంటలు అడవి జంతువులవి. ఇక్కడ ప్రయాణికుడే తన వంతు ఖర్చు కాలం రూపంలో కడుతున్నాడు. ఆ ఏర్పాటును నేను మనసారా సమర్థిస్తాను. అడవి మీదుగా ఎత్తైన కారిడార్ కట్టాలన్న ప్రతిపాదన నడుస్తోంది. దాని లెక్కలో చెంచుపెంటల రాకపోకలు, పులి నడక, తవ్విపోసే మట్టి, అన్నీ రాయాలి.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టిక్కెట్ వచ్చింది. రిటైరయ్యాక కూడా డిపోకు పోతే పాత అలవాటుకొద్దీ ఎస్ఆర్ చూస్తాను. అంతకుముందు ఖాళీగా పోయిన స్టేజీల్లో ఇప్పుడు ఆడవాళ్లు ఎక్కుతున్నారు. వాళ్లకు ప్రయాణం అవసరం కొత్తగా పుట్టలేదు. ఛార్జీకి వెనకాడి మానుకున్న ప్రయాణాలవి, డుప్యుయి చెప్పిన ఆ కనపడని నష్టం. దాన్ని సర్కారు తన పద్దులో రాసుకుని సంస్థకు చెల్లించాలి. సకాలంలో, పూర్తిగా చెల్లించాలి. లేకపోతే ఆ భారం మళ్లీ పల్లె ట్రిప్పు మీదే పడుతుంది.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ప్రతి జిల్లాకూ రవాణా లెక్క ఒకటి తయారు చేయమని నా కోరిక. అందులో ఈపీకే ఉండనీయండి, దాని పక్కనే మూడు గడులు పెట్టండి. దారి లేక పోగొట్టుకున్న కూలి ఎంత, ఆసుపత్రి చేరే గంటలు ఎన్ని, పొగా ప్రమాదాలూ మోసింది ఎవరు. రైలు లైనుకైనా, వంతెనకైనా, తెల్లవారుజామున కదిలే నైటవుట్ బండికైనా ఆ నాలుగు గడులూ చూశాకే సంతకం పెట్టాలి. ఇన్నాళ్లూ దారి ఖర్చు కట్టినవాళ్లకు వాళ్ల పద్దు వాళ్లకు చూపించడం సర్కారు బాధ్యత. అది అడిగి తీసుకోవడం మన హక్కు.