మెట్ల లైటు, బూల్ లెక్క, షానన్ థీసిస్



పోయిన వారం మా హాస్టల్‌లో ఒక తమ్ముడు బ్యాగు సర్దుకున్నాడు. డిస్క్రీట్ మ్యాథ్స్ రెండుసార్లు పోయింది. "ఈ బూలియన్ ఆల్జీబ్రా ఎవరికి పనికొస్తది? ఊరికి పోతా" అన్నాడు. నిజం చెప్పాలంటే మా దగ్గర జవాబు లేదు. మేమూ పాసైతే చాలనే చదివినం. అందుకే దాని చరిత్ర వెతికి చదివినం.

జార్జ్ బూల్ 1815లో ఇంగ్లండ్‌లోని లింకన్‌లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఆయనకు లెక్కలంటే ఇష్టం, కొడుక్కి మొదటి పాఠాలు ఆయనే చెప్పాడు. ఇల్లు గడవక బూల్ 16 ఏళ్లకే బడిలో పంతులయ్యాడు. డిగ్రీ చదవలేదు. పై గణితం పుస్తకాలు ముందేసుకుని తనే నేర్చుకున్నాడు. అలాంటి మనిషి 1849లో ఐర్లండ్‌లోని కార్క్‌లో కాలేజీ ప్రొఫెసర్ అయ్యాడు. 'మరియు', 'లేదా', 'కాదు' అనే మాటలను కూడా గుర్తులతో లెక్కలా చేయొచ్చని 1854లో అచ్చయిన పుస్తకంలో వివరించాడు. 1864లో చనిపోయాడు. అప్పటికి ఇళ్లల్లో కరెంటు బల్బే లేదు.

తర్వాత అమెరికాలో క్లాడ్ షానన్. ఈయన మనలాంటి ఇంటి నుంచి రాలేదు, తల్లి బడి ప్రిన్సిపాల్. 1936లో మిచిగన్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, గణితం రెండింట్లో డిగ్రీలు తీసుకున్నాడు. అక్కడే ఫిలాసఫీ క్లాసులో బూల్ లెక్క చదివాడు. తర్వాత మాస్టర్స్ కోసం ఎంఐటీలో చేరి, వానెవర్ బుష్ కట్టించిన డిఫరెన్షియల్ అనలైజర్ అనే పెద్ద లెక్కల యంత్రం దగ్గర పనికి కుదిరాడు. దాన్ని అదుపు చేసే సర్క్యూట్‌లో వందకు పైగా రిలేలు ఉండేవి. రిలే అంటే కరెంటే వేసి తీసే స్విచ్చు.

క్లాసులో చదివింది, చేతితో చేస్తున్న పని అక్కడ కలిశాయి. రెండు స్విచ్చులు ఒకదాని వెనక ఒకటి పెడితే రెండూ వేయాలి, అది 'మరియు'. పక్కపక్కన పెడితే ఏది వేసినా చాలు, అది 'లేదా'. అంటే సర్క్యూట్‌ను కాగితం మీద లెక్కగా రాసుకుని, లెక్కను చిన్నది చేస్తే రిలేలు తగ్గుతాయి. 0, 1లతో కూడికలు చేసే సర్క్యూట్ కూడా అందులో గీశాడు. 1937లో ఇదే ఆయన మాస్టర్స్ థీసిస్. అప్పుడు వయసు 21. మాకంటే ఒక్క ఏడు పెద్ద. ఇప్పటి కంప్యూటర్ చిప్పుల డిజైన్‌కు పునాదుల్లో అదొకటి.

ఇదంతా తమ్ముడికి గదిలో చెప్పలేదు. మెట్ల దగ్గరికి తీసుకుపోయినం. కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు, మధ్యలో ఒకే లైటు. రెండూ ఒకే వైపుంటే ఆరుతది, వేరువేరుగా ఉంటే వెలుగుతది. "నాలుగు రకాలూ రాయి" అన్నం. గోడకు ఆనించి నోటుబుక్కులో 0, 1లు రాసుకున్నాడు. రాసినంక చూసుకుని, "ఇది మన ఎక్సార్ టేబులే కదా అన్నా" అన్నాడు.

బ్యాగు ఇంకా విప్పలేదు. సప్లిమెంటరీ రాసేదాకా ఉంటానన్నాడు.

బూల్ పుస్తకానికీ షానన్ థీసిస్‌కూ మధ్య 83 ఏళ్లు. ఏ పాఠం ఎప్పుడు, ఎవరి చేతిలో పనికొస్తదో ముందే చెప్పలేం. మన ఇళ్లల్లో ఈ పాఠాలు చెప్పేవాళ్లు లేరు కాబట్టి మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి. ఈ పేపర్ మిగిలి ఉన్నోళ్లు ఆదివారం పొద్దున మెట్ల దగ్గరికి రండి. కలిసి కూర్చుందాం.